తుపాకి ఇస్తే పార

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఒక కుర్చీ ఉంది. కాళ్లు, చేతులు, కూర్చునే చోటు, చేరగిలబడే చోటు అన్నీ తుపాకుల ముక్కలే. పేరు ‘ఆయుధాల సింహాసనం’. 2001లో ఆఫ్రికా దేశమైన మొజాంబిక్ కళాకారుడు కెస్టర్ దాన్ని వెల్డింగ్ చేసి నిలబెట్టాడు. ఆ తుపాకుల్లో ఒక్కటి కూడా ఆఫ్రికాలో తయారైంది కాదు. మరి అక్కడికెలా చేరాయి?

1975 జూన్ 25న మొజాంబిక్‌కు పోర్చుగల్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. రెండేళ్లకే అంతర్యుద్ధం మొదలైంది. అధికారంలో ఉన్న ఫ్రెలిమో పార్టీకి సోవియట్ కూటమి ఆయుధాలిచ్చింది. తిరగబడ్డ రెనామోను ముందు రొడీషియా (ఇప్పటి జింబాబ్వే), తర్వాత వర్ణవివక్ష నాటి దక్షిణాఫ్రికా పోషించాయి. యుద్ధం, ఆకలి కలిసి దాదాపు 10 లక్షల మందిని మింగేశాయి. 1992 అక్టోబర్ 4న రోమ్‌లో శాంతి ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. తుపాకులు మాత్రం ఊళ్లల్లోనే ఉండిపోయాయి. కొన్ని ఇళ్లల్లో, కొన్ని మట్టి కింద.

1995లో ఆ దేశపు క్రైస్తవ మండలి ఒక పని మొదలుపెట్టింది. దానికి ముందు నిలిచినవాడు ఆంగ్లికన్ బిషప్ డినిస్ సెంగులానే. తుపాకి తెచ్చిస్తే పార ఇచ్చేవారు. లేదంటే కుట్టుమిషను, సైకిలు, ఇల్లు కట్టుకునే సామాను. ఒక ఊరివాళ్లు 500 ఆయుధాలు పోగేసి ట్రాక్టరు తెచ్చుకున్నారు. పడకగదిలో తుపాకి పెట్టుకోవడం పాముతో పడుకోవడం లాంటిదని, ఏదో ఒకరోజు కాటేస్తుందని సెంగులానే జనానికి చెప్పేవాడు. మనం పక్కలో బల్లెం అంటాం, అదే ఇది.

తెచ్చిన ఆయుధాలను ఇక పేలకుండా కోసేసేవారు. వాటిలో కొన్ని ముక్కలు రాజధాని మపుటోలోని కళాకారుల చేతికొచ్చాయి. వాటిని కరిగించి కొత్త ఇనుముగా వాడుకుని ఉంటే చూసేవాళ్లకు ఏమీ తెలిసేది కాదు. వాళ్లు కరిగించలేదు. గొట్టం గొట్టంలాగే, ట్రిగ్గరు ట్రిగ్గరులాగే కనిపిస్తాయి. నాకు ఈ కళలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది అదే. చనిపోయినవాళ్ల తరఫున ఆ ఇనుము సాక్ష్యం చెబుతూనే ఉంటుంది. 2004లో కెస్టర్, మరో ముగ్గురు కలిసి చేసిన ‘జీవవృక్షం’ అర టన్ను బరువు. కొమ్మలు, ఆకులు, కింద తిరిగే జంతువులు అన్నీ ఆయుధాలతో చేసినవే.

మొజాంబిక్ జెండా మీద ఇప్పటికీ పుస్తకం, పార, ఏకే-47 కలిసే ఉన్నాయి. మందుపాతరలన్నీ తీసేశామని ఆ దేశం ప్రకటించగలిగింది 2015లోనే.

కెస్టర్ బంధువుల్లో ఇద్దరికి ఆ యుద్ధంలో కాళ్లు పోయాయి. ఒకామె మందుపాతర మీద కాలేసింది. అతను చేసిన కుర్చీకి వెనకభాగంలో, పైన, రెండు పాత జీ3 రకం తుపాకుల మడమలు, అంటే భుజానికి ఆనించే భాగాలు, ఉంటాయి. స్క్రూల గుంటలు కళ్లలాగా, పట్టీ దూర్చే చీలిక నోరులాగా కనిపిస్తాయి. అవి తను చెక్కినవి కావని, ముందునుంచీ అలాగే ఉన్నాయని కెస్టర్ చెప్పాడు. అతనికి ఆ ముఖాలు నవ్వుతూ కనిపించాయి.