పిల్లలకు జంతువుల పట్ల దయ నేర్పడం: అపోహలు, వాస్తవాలు

నేను పశువైద్యురాలిని, కందుకూరు చుట్టుపక్కల పల్లెల్లో పనిచేస్తాను. నట్టల మందు కోసం గేదెలను తోలుకొచ్చే రైతుల వెంట పిల్లలూ వస్తారు. బడులు పిలిచినప్పుడు వెళ్లి వాళ్లతో మాట్లాడతాను. పెద్దల నోట తరచూ వినే కొన్ని మాటలకు ఇవి నా జవాబులు.

అపోహ: కుక్కపిల్లను కొనిస్తే దయ దానంతటదే వస్తుంది.

వాస్తవం: 2017లో అమెరికాలోని ర్యాండ్ అనే పరిశోధన సంస్థ వాళ్లు కాలిఫోర్నియాలోని 5 వేలకు పైగా కుటుంబాల సమాచారం చూశారు. పెంపుడు జంతువులున్న ఇళ్ల పిల్లలు ఆరోగ్యం, ప్రవర్తన విషయాల్లో మొదట మెరుగ్గా కనిపించారు. కుటుంబ ఆదాయం లాంటివి లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా నిలవలేదు. కుక్కను తెచ్చిన నెలకే దాని పనంతా అమ్మ మీద పడితే పిల్లవాడు నేర్చుకునేదేముంటుంది? నీళ్ల గిన్నె బాధ్యత వాడిదే అని చెప్పండి, మరిచిపోతే గుర్తుచేయండి.

అపోహ: పశువుల మధ్య పెరిగే పల్లె పిల్లలకు ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు.

వాస్తవం: నాకు బాగా బాధ కలిగించే మాట ఇది. ఒంగోలు గిత్త మూపురం గురించి, బండలాగుడు పోటీలో అది లాగిన దూరం గురించి పిల్లలకు గర్వంగా చెబుతాం. ముల్లుకర్రతో పొడిస్తే దానికి నొప్పి పుట్టదా అని వాళ్లు అడిగితే మాత్రం "ఊరుకోరా" అంటాం. నేను ఆ పిల్లల్ని ఆవు పక్కన నిలబెట్టి, ఈగ వాలిన చోట చర్మం ఎలా అదురుతుందో చూడమంటాను. ఈగ వాలితేనే తెలిసే చర్మానికి ముల్లు తెలియదా? ఆ మాట ఎక్కువసార్లు పిల్లలే అనేస్తారు. తర్వాత నెమరు లెక్కపెట్టమంటాను. ఆరోగ్యంగా ఉన్న ఆవు ఒక్కో ముద్దను సాధారణంగా 40 నుంచి 70 సార్లు నములుతుంది. లెక్క అలవాటైన పిల్ల, నెమరు ఆగిపోయిన రోజు ఇంట్లో అందరికంటే ముందు కనిపెడుతుంది.

అపోహ: మాంసం తినే ఇంట్లో దయ గురించి చెప్పడం దొంగమాట.

వాస్తవం: నెల్లూరు గొర్రెను పెంచేదే మాంసానికి. అయినా కాపరుల ఇళ్లలో పిల్లలు, తల్లి పాలు అందని గొర్రెపిల్లను అరుపు విని గుర్తుపడతారు. బతికున్నన్నాళ్లూ దానికి ఆకలి, నొప్పి లేకుండా చూడటం నిజమైన దయే. తను మేపిన పొట్టేలును కోసినప్పుడు పిల్లవాడు ఏడిస్తే ఎగతాళి చేయకండి. అమ్మేశామని అబద్ధమూ చెప్పకండి.

అపోహ: తోక ఊపితే కుక్క స్నేహంగా ఉన్నట్టే.

వాస్తవం: తోకను పైకి బిగబట్టి కొద్దిగా ఊపితే అది హెచ్చరిక కావచ్చు. మొహం తిప్పుకోవడం, మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, ఇవన్నీ "నన్ను వదిలెయ్" అని చెప్పడమే. రెండు మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయమనండి. అదే దగ్గరికొస్తే మళ్లీ నిమరొచ్చు, రాకపోతే వదిలేయాలి. ఎదుటి ప్రాణి వద్దంటే ఆగడం, నా దృష్టిలో, పిల్లలకు అన్నిటికంటే ముందు రావాల్సింది.

అపోహ: కుక్కల మీద రాళ్లేయడం, తూనీగకు దారం కట్టడం చిన్నతనపు చేష్టలే.

వాస్తవం: మూడేళ్ల పాపకు తన పట్టు ఎంత గట్టిదో తెలియదు, చెయ్యి పట్టుకుని చూపిస్తే చాలు. పదేళ్లవాడు ఎంత చెప్పినా మానకుండా హింసిస్తుంటే, వాణ్ణి ఎవరైనా కొడుతున్నారేమో కనుక్కోండి. కొట్టి దయ నేర్పలేం.

అపోహ: కుక్క కరిచిన చోట పసుపో కారమో అద్దితే చాలు.

వాస్తవం: అవేవీ వద్దు. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. గీరినా అంతే, కుక్కపిల్లయినా అంతే. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి బతకడం చాలా అరుదు. తిడతారన్న టెన్షన్‌తో పిల్లలు గాటు దాచేస్తారు. "దాని జోలికెందుకెళ్లావ్" అన్న మాట టీకా వేయించి ఇంటికొచ్చాక మాట్లాడుకోవచ్చు.