అంటు కట్టని ద్రాక్ష

కొలారెష్‌లో ద్రాక్ష నాటడానికి కందకంలోకి దిగే కూలీ తలమీద బుట్ట బోర్లించుకునేవాడు. ఎండకని కాదు. పక్కనున్న ఇసుక జారి మీద పడితే, తోటివాళ్లు తవ్వి పైకి లాగేదాకా ఆ బుట్టలో మిగిలిన గాలితోనే అతను ఊపిరి నిలుపుకోవాలి. ఒక ద్రాక్షతీగ కోసం అంత తెగింపు ఎందుకో తెలియాలంటే ఆ నేల సంగతి తెలియాలి.

పోర్చుగల్‌లో సింత్రా కొండలకూ అట్లాంటిక్ సముద్రానికీ నడుమ ఉంది కొలారెష్. వైన్ ప్రాంతంగా దానికి 1908లోనే హద్దులు గీశారు. అక్కడ పైన కొన్ని మీటర్ల ఇసుక, అడుగున బంకమట్టి. ఇసుకలో నీరూ నిలవదు, సారమూ తక్కువే. అందుకే బంకమట్టి తగిలేదాకా తవ్వి, అడుగున కొమ్మ నాటి, అది ఎదిగేకొద్దీ కొంచెం కొంచెంగా ఇసుక పూడ్చుకుంటూ వస్తారు.

19వ శతాబ్దం రెండో సగంలో అమెరికా మొక్కలతో పాటు ఫిలాక్సెరా అనే పురుగు యూరప్ చేరింది. పేనుబంకకు దగ్గరి చుట్టం, పొడవు మిల్లీమీటరు. అది రసం పీల్చిన చోట వేరు బుడిపెలు కడుతుంది. ఆ గాయంలోంచి శిలీంధ్రాలు దూరి వేరు కుళ్లిపోతుంది. అమెరికా ద్రాక్షలు గాయం చుట్టూ బెరడులాంటి పొర కట్టుకుని తట్టుకుంటాయి. యూరప్ ద్రాక్షకు ఆ విద్య తెలియదు. చివరికి అంటు కట్టడమే దారయింది: కింద అమెరికా వేరు, పైన యూరప్ కొమ్మ. ఇవాళ్టి వైన్ తోటల్లో చాలాభాగం అలా నిలబడ్డవే.

కొలారెష్ ఇసుక తోటలకు ఆ అవసరం రాలేదు. బంకనేల ఎండితే నెర్రెలిస్తుంది, ఆ నెర్రెలే పురుగుకు దారులు. వదులు ఇసుకలో ఏ దారీ నిలవదు, వెంటనే పూడిపోతుంది. రమిష్కో అనే నల్లద్రాక్ష అక్కడ నేటికీ సొంత వేళ్లమీదే బతుకుతోంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మరొకటి. అక్కడ అంటు కట్టరు గానీ అంటు తొక్కుతారు. ఒక తీగ చచ్చి ఖాళీ ఏర్పడితే, పక్క తీగ కొమ్మను వంచి ఇసుకలో తొక్కితే కొత్త మొక్క సిద్ధం. అంటు కట్టిన తోటలో ఈ పని చేస్తే కొమ్మకు పుట్టేది యూరప్ ద్రాక్ష వేరు, అంటే పురుగుకు మళ్లీ విందు!

సముద్రపు గాలికి అడ్డంగా ఎండు గడ్డికర్రలతో దడులు కడతారు. తీగలు నేలమీదే పాకుతాయి. వేసవిలో కాలే ఇసుకకు గుత్తులు మాడకుండా ఒక్కో తీగ కిందా చిన్న కర్ర ఊతం పెట్టి పైకెత్తుతారు. అదంతా చేతిపనే.

రమిష్కో పండు చిన్నది, తొక్క మందం. కొత్త వైన్ నోరు పట్టేసేంత వగరు. ఆ వగరు తొక్కలో ఉండే టానిన్లనే పదార్థాలది. ఏళ్లు గడిచేకొద్దీ అవి ఒకదానితో ఒకటీ, రంగు పదార్థాలతోనూ కలిసి మడ్డిగా దిగుతాయి, వైన్ మెత్తబడుతుంది. ఇంత ఓపిక కుటుంబాలకే చెల్లుతుందని నా నమ్మకం. 1808 నాటి వియూవా గోమెష్ అనే వైన్ సంస్థ చేతులు మారినా, ఇవాళ దాన్ని నడిపేది ఒక కుటుంబమే. ఆ పేరుకు అర్థం 'గోమెష్ గారి వితంతువు'.

పురుగు చేయలేని నష్టం ఇళ్ల స్థలాలు చేశాయి. ఒకప్పుడు వెయ్యి హెక్టార్లు దాటిన తోటలు కొన్ని పదులకు కుదించుకుపోయాయి. సముద్రపు ఒడ్డున ఇసుక నేలకు ఇంటి స్థలంగా పలికే ధర ద్రాక్ష ఎన్నటికీ తేలేదు. అయినా కొన్ని కుటుంబాలు ఈమధ్య మళ్లీ కందకాలు తవ్వి రమిష్కో నాటుతున్నాయి. తవ్వడానికి యంత్రాలు వచ్చాయి, బుట్టతో పని తీరింది.