లంగరు ఎత్తని కణాలు

"షుగర్ ఉన్నవాళ్ళకు గాయం ఎందుకు మానదు? చర్మకణాలు చచ్చిపోతాయా?" అని ఒక పాఠకురాలు అడిగారు. రక్తప్రసరణ తగ్గడం, నరాలు మొద్దుబారి దెబ్బ తగిలిన సంగతే తెలియకపోవడం, సూక్ష్మజీవులు చేరడం గురించి డాక్టర్లు చెబుతూనే ఉంటారు కాబట్టి అవి వదిలేస్తాను. నాకు ఆసక్తి పుండు అంచున ఉండే కణాల మీద. అక్కడ కణాలకు కరువేమీ లేదు. అవసరానికి మించి పుడుతున్నాయి కూడా. కదలడమే లేదు.

కణం కదలడమేమిటి అనిపించవచ్చు. తప్పు మీది కాదు. పాఠ్యపుస్తకాల్లో కణం బొమ్మ గోడకు కొట్టిన పటంలా ఉంటుంది. దాని భాగాల పేర్లు బట్టీ పట్టిస్తారు, అది పాకుతుందని మాత్రం చెప్పరు.

చర్మం పైపొరలో ఎక్కువ భాగం కెరటినోసైట్లే. వాటిలో అడుగు వరుసవి హెమీడెస్మోజోమ్‌లనే బిగింపులతో కింది పొరకు కట్టుబడి ఉంటాయి. రేవులో లంగరు వేసిన పడవలనుకోండి. చర్మం తెగిన కొన్ని గంటలకు అంచున ఉన్నవి లంగరు ఎత్తుతాయి, అంటే ఆ బిగింపులు విప్పుకుంటాయి. బల్లపరుపుగా సాగి, ముందుకు పల్చటి రెక్కలాంటి పొరను చాపుతాయి. ఇంటెగ్రిన్లనే ప్రోటీన్లు వీటికి తెడ్లు అనబోయాను కానీ, గెడలు అనడమే సరి. నేలకు ఆనితేనే పడవ జరుగుతుంది. దారిలో రక్తపు గడ్డలోని ఫైబ్రిన్ పోగులు, చర్మానికి పటుత్వమిచ్చే కొల్లాజెన్ పాత పోగులు అడ్డొస్తే, ప్రోటీన్లను కోసే ఎమ్‌ఎమ్‌పీ ఎంజైములతో కోసుకుంటూ పోతాయి. వెనక కొత్త పడవలు తయారవుతుంటాయి. ఎదురుగా వచ్చినవాటిని తాకగానే ఆగి, మళ్ళీ లంగరు దించుతాయి.

పడవకు నీళ్ళు కావాలి కదా! 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చేసిన ప్రయోగంలో, తడి ఆరకుండా కప్పి ఉంచిన గాయాలపై కొత్త పొర దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది. గాలికి వదిలేసిన గాయాల్లో కణాలు ఎండిన చెక్కు కిందకు దిగి, తడి ఉన్నచోటు వెతుక్కుంటూ పాకాలి మరి. పుండును ఆరబెట్టాలన్న నమ్మకం మాత్రం ఇంకా ఆరలేదు.

షుగర్ అదుపు తప్పితే ముందు నేల, అంటే కణాలు పాకే కొల్లాజెన్ పొర, చెడుతుంది. గ్లూకోజ్ ఏ ఎంజైము సాయమూ లేకుండానే కొల్లాజెన్‌కు అంటుకుంటుంది. (హెచ్‌బీఏ1సీ పరీక్ష కొలిచేదీ హిమోగ్లోబిన్‌కు ఇలా అంటుకున్నదాన్నే.) ఏళ్ళు గడిచేకొద్దీ పోగుల మధ్య అడ్డుముడులు పడి నేల బిరుసెక్కుతుంది, గెడకు పట్టు దొరకదు. వాపును చల్లార్చే రూపానికి మారాల్సిన మాక్రోఫేజ్‌లు (గాయంలో చెత్తను మింగి శుభ్రం చేసే రక్షణ కణాలు) వాపును రగిలించే రూపంలోనే ఉండిపోతాయి. ఆ కోత ఎంజైముల్లో ఒకటైన ఎమ్‌ఎమ్‌పీ-9 మోతాదు మించి, అడ్డంకులతో పాటు దారినీ కోసేస్తుంది.

తర్వాత పడవే చెడుతుంది. 2005లో మార్జానా టొమిక్-కానిక్ అనే పరిశోధకురాలి బృందం మానని పుండ్ల అంచు కణాలను పరీక్షించింది. మామూలుగా కణాల అతుకుల దగ్గర ఉండే బీటా-కెటెనిన్ అనే ప్రోటీన్ అక్కడ కేంద్రకంలోకి చేరి ఉంది, సి-మిక్ ప్రోటీన్ పెరిగి ఉంది. ఈ జంట కణానికి పాకే పని మాన్పిస్తుంది. రేవులో పడవల మీద పడవలు పేరుకుంటాయి. మధుమేహ పుండు చుట్టూ కనిపించే దళసరి అంచులో ఈ కుప్పకూ వాటా ఉంది.

సర్జన్ ఆ అంచును చెక్కేస్తుంటే "మాన్పమంటే పెద్దది చేస్తున్నారేంటి" అని ఇంట్లోవాళ్ళకు టెన్షన్. ఆయన కత్తి వెతుకుతున్నది ఇంకా లంగరు ఎత్తగల కణాలు ఉన్న చోటును.