వీసాల బేరంలో వాపసు మాట

బ్రిటన్‌లో ఆశ్రయం (అసైలమ్) దక్కనివాళ్లను పంపించేయాలన్న గొడవ మళ్లీ రాజుకుంది. అమలాపురం, కాకినాడ, భీమవరం వైపు పిల్లల్ని అక్కడికి పంపిన ఇళ్లలో టెన్షన్ మొదలైంది. బర్మాకు వలసపోయిన మన కోరంగీలు తిరిగొచ్చిన సంగతి, కువైట్ ఆమ్నెస్టీల్లో (అక్రమంగా ఉన్నవాళ్లను శిక్ష లేకుండా వెళ్లనిచ్చే గడువుల్లో) మనవాళ్లు ఇల్లు చేరిన సంగతి డెల్టాలో అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే 2018 ఏప్రిల్ దగ్గర మొదలుపెట్టాలి.

ఆ నెలలో ప్రధాని మోదీ లండన్ వెళ్లారు. అక్రమంగా ఉండిపోయిన భారతీయులను వెనక్కి తీసుకునే ఒప్పందంపై అక్కడ సంతకం అవుతుందని బ్రిటన్ ఎదురుచూసింది. అప్పటి హోంశాఖ సహాయమంత్రి కిరెన్ రిజిజు జనవరిలోనే ముసాయిదాపై పొడి సంతకం చేసి వచ్చారు కూడా. తీరా సమయం వచ్చాక భారత్ ఆగిపోయింది. అలాంటివాళ్లు లక్ష మంది ఉన్నారన్న బ్రిటన్ లెక్కను ఢిల్లీ ఒప్పుకోలేదు. జూన్‌లో బ్రిటన్ తక్కువ కాగితాలతో స్టూడెంట్ వీసా ఇచ్చే దేశాల జాబితాను పెంచింది. చైనా చేరింది, భారత్ చేరలేదు.

నా మటుకు మలుపు అదే. మనుషుల్ని వెనక్కి తీసుకోవడం, వీసాలు ఇవ్వడం అప్పటి నుంచి ఒకే బేరంలో భాగమయ్యాయి. 2022లో బ్రిటన్ ఆ బేరాన్ని చట్టంలోకే ఎక్కించింది: తన పౌరులను వెనక్కి తీసుకోని దేశానికి వీసాలు బిగించవచ్చు. 2025 నవంబరులో హోంమంత్రి షబానా మహమూద్ అంగోలా, నమీబియా, డెమోక్రటిక్ కాంగోలను హెచ్చరించింది ఆ అధికారంతోనే.

అందులో మన పేరు లేదు. మన బేరం అప్పటికే కుదిరింది. 2021 మే 4న మన విదేశాంగ మంత్రి జైశంకర్, అప్పటి బ్రిటన్ హోంమంత్రి ప్రీతి పటేల్ సంతకాలు చేసిన వలస ఒప్పందంలో రెండు మాటలూ ఉన్నాయి. ఏటా 3,000 మంది యువతకు రెండేళ్ల వీసాలు ఒకటి, అక్కడ ఉండే హక్కు లేనివాళ్లను తిరిగి తీసుకోవడం రెండోది. మొదటి మాటకు ఇక్కడ బాగా ప్రచారం వచ్చింది. రెండోదాని గురించి డెల్టాలో ఎన్ని ఇళ్లకు తెలుసు?

అది నడిచే తీరు చెప్పాలి. పాస్‌పోర్టు లేని మనిషిని విమానం ఎక్కించాలంటే, అతను భారతీయుడేనని మన అధికారులు తేల్చి ప్రయాణపత్రం ఇవ్వాలి. తేల్చడమంటే పేరు, తండ్రి పేరు, ఊరు పట్టుకుని వాకబు చేయడం. ఆ పని చివరికి స్థానిక పోలీసుల మీద పడుతుంది. అతను అసైలమ్ వేసిన సంగతి సొంత దేశానికి చెప్పకూడదన్నది నియమం. కానీ కానిస్టేబుల్ వచ్చి ఫలానావాళ్లబ్బాయి లండన్‌లో ఉన్నాడా అని అడిగితే ఊరికి విషయం అర్థం కాదా? నిజంగా ఊరికి భయపడి పారిపోయినవాడైతే, ఆ ఒక్క ప్రశ్నతో అతని ఆచూకీ తెలిసిపోతుంది.

నిరాకరించాక కూడా ఉండిపోతే విచారణకు అర్థమేముందని బ్రిటన్ ప్రభుత్వాలు అంటాయి. అది కొట్టిపారేసే మాట కాదు. అయితే 2023 నవంబరులో భారత్‌ను సురక్షిత దేశాల జాబితాలో చేర్చాలని అప్పటి ప్రభుత్వం ప్రతిపాదించింది. ఆ జాబితా దేశాలవాళ్ల దరఖాస్తును, అసాధారణ పరిస్థితి ఉంటే తప్ప, అసలు విచారణకే తీసుకోకూడదన్నది దాని ఉద్దేశం. భారత్ సురక్షితమన్న మాట దేశం మొత్తం మీద నిజమే కావచ్చు. కానీ 2022 మే 24న అమలాపురంలో, జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టొద్దన్న అల్లర్లలో దళిత మంత్రి ఇల్లే తగలబెట్టారు. అధికారంలో ఉన్నవాడి ఇంటికే ఆ గతి పట్టిన చోట, కులాంతర పెళ్లి చేసుకున్న జంట మాకు భయంగా ఉందంటే వినకుండా ఎలా తోసేస్తారు?

అందరి కథా అలాంటిది కాదు. చదువయ్యాక ఇచ్చే పోస్ట్ స్టడీ వీసా అయిపోయి, ఉద్యోగ వీసాకు కావాల్సిన జీతం పరిమితి అందక, ఎవరో చెప్పారని అసైలమ్ వేసేవాళ్లూ ఉన్నారు. స్టూడెంట్ వీసాపై వచ్చినవాళ్ల నుంచి 2024లో 16,000 దరఖాస్తులు పడ్డాయి. అది అన్ని దేశాలవాళ్లదీ కలిపిన లెక్క. 2025 సెప్టెంబరులో బ్రిటన్ సుమారు 1,30,000 మంది విద్యార్థులకు, వాళ్ల కుటుంబాలకు నేరుగా మెసేజ్‌లు పంపింది: ఆధారం లేని దరఖాస్తును వెంటనే తిరస్కరిస్తాం, వీసా లేకుంటే వెళ్లిపోవాలి. కొబ్బరితోట తాకట్టు పెట్టి పంపిన తండ్రికి ఆ సంగతి కన్సల్టెన్సీవాళ్లు ఫీజు కట్టించుకునే రోజునే చెప్పాలి.