బోరు మోటారుకూ ఒక సిమ్ కార్డు

పాకాల, ఐరాల వైపు మామిడి తోటల్లో స్టార్టర్ డబ్బా తెరిస్తే లోపల సిమ్ కార్డు కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. త్రీఫేజ్ కరెంటు ఏ వేళకొచ్చినా చీకట్లో తోటకు పరిగెత్తకుండా, రైతు ఇంట్లోంచే ఫోన్ కొట్టి మోటారు వేస్తాడు. ఆ కాల్ అందుకునేది తపాలా బిళ్లంత సెల్యులార్ మాడ్యూల్.

ఫోన్‌లోని రేడియో భాగమే ఇది, తెర ఉండదు. పక్కనున్న మైక్రోకంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్ చిప్ దానికి 'ఏటీ' అన్న రెండక్షరాలతో మొదలయ్యే ఆదేశాలు పంపుతుంది. 1981లో హేస్ సంస్థ టెలిఫోన్ మోడెమ్ కోసం పెట్టిన పద్ధతే, ఇంకా నడుస్తోంది.

టూజీ మాడ్యూల్‌తో ఒక చిక్కుంది. టవర్‌తో మాట్లాడేటప్పుడు అది కరెంటును నిలకడగా తీసుకోదు, సెకనుకు దాదాపు 217 సార్లు గుంజుతుంది. గుంజినప్పుడల్లా 2 ఆంపియర్ల దాకా పోవచ్చు. పాత ఫోన్ రేడియో పక్కన పెడితే కాల్ రాబోయే ముందు వచ్చే గరగర ఈ గుంజుడుదే. చవక పవర్ సప్లై దీన్ని తట్టుకోలేక వోల్టేజీ పడిపోతే మాడ్యూల్ రీస్టార్ట్ అవుతుంది. మనమేమో సిగ్నల్ లేదని టవర్‌ను తిడతాం!

జియోకు టూజీ లేదు కాబట్టి ఆ సిమ్ పాత మాడ్యూల్లో పనిచేయదు. మరి కొత్తది ఏది కొనాలి? మీటర్లు, సెన్సార్ల వంటివి కొద్దిపాటి సమాచారం పంపుకోవడానికి 2016లో ప్రమాణంగా స్థిరపడిన ఎన్‌బీ-ఐఓటీ అనే మొబైల్ నెట్‌వర్క్ పద్ధతి పేరు అందరూ చెబుతారు. రేడియో తరంగాల్లో 180 కిలోహెర్ట్జ్ ఇరుకు దారి చాలు దానికి. టూజీ కన్నా బలహీనమైన సిగ్నల్‌నూ పట్టుకుంటుంది. రోజుకోసారి నాలుగు అంకెలు పంపి నిద్రపోయే తేమ సెన్సార్‌కు ఒకే బ్యాటరీతో పదేళ్లు నడవాలన్నది దాని లక్ష్యం. నీటి మీటరుకైతే నేనూ అదే కొనమంటాను.

మోటారుకు మాత్రం వద్దు. గాఢనిద్రలో ఉన్న మాడ్యూల్‌కు మన ఆదేశం అది లేచాకే అందుతుంది. కరెంటు ఉండేది కాసేపే అయినప్పుడు అంతసేపు ఆగితే నీళ్లు పారినట్టే! పైగా ఎన్‌బీ-ఐఓటీలో వాయిస్ కాల్ లేదు, మిస్డ్ కాల్ కుదరదు. స్టార్టర్‌కు కరెంటు పక్కనే ఉంది, నిద్రతో పనేముంది? 4జీ మాడ్యూళ్లలో క్యాట్-1 అనే తక్కువ వేగం రకం సరిపోతుంది. దాని 10 మెగాబిట్ల వేగం మోటారుకు అక్కర్లేదు గానీ, ఎప్పుడూ మెలకువగా ఉంటుంది. వాయిస్ కాల్ ఉన్న మోడలేనా అని మాత్రం అడిగి తీసుకోవాలి. బిగించేటప్పుడు యాంటెన్నాను ఇనుప డబ్బా బయట పెట్టించండి. లోపలుంటే ఏ మాడ్యూలైనా ఒకటే.