ఎన్నికలొస్తే యూనియన్ చట్టాలు మారిపోతాయా? సిరొంచ వైపు వినపడే అపోహలు, అసలు సంగతులు

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచ, అహేరి వైపు బస్సు కార్మికులకు, జిల్లా పరిషత్ టీచర్లకు సర్వీసు కేసుల కాగితాలు రాసిపెట్టడం నా పని. ఇక్కడ మనం మాట్లాడుకునేది తెలుగు, చేతికొచ్చే జీఆర్ (ప్రభుత్వ ఉత్తర్వు) మరాఠీ, ఫోన్లో తిరిగే వార్త గోదావరి అవతలి తెలంగాణది. ఓట్ల సీజన్ రాగానే ఈ మూడూ కలగాపులగమైపోతాయి. నన్ను ఎక్కువగా అడిగేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: కొత్త ప్రభుత్వం తలచుకుంటే యూనియన్లనే రద్దు చేస్తుంది.

అంత సులువు కాదు. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం నుంచి వచ్చింది. ప్రభుత్వం గుర్తించని సంఘంలో ఉద్యోగి చేరకూడదన్న సర్వీసు నిబంధనను సుప్రీంకోర్టు 1962లోనే ఓ.కె. ఘోష్ కేసులో కొట్టేసింది. కానీ సంఘం ఉండటం వేరు, దానికి గుర్తింపు ఉండటం వేరు. ప్రభుత్వాలు చెయ్యి పెట్టేది గుర్తింపు దగ్గరే. 2019 సమ్మె అయ్యాక తెలంగాణ ఆర్టీసీలో యూనియన్లను పక్కనబెట్టి సంక్షేమ కమిటీలు వేశారు. యూనియన్లు కాగితం మీద అలాగే ఉన్నాయి, యాజమాన్యం ముందు కూర్చుని మాట్లాడే దారి మాత్రం మూసుకుపోయింది.

మన రాష్ట్రంలో గుర్తింపుకు 1971 నాటి చట్టం ఒకటుంది. 50 మంది, ఆపైన పనిచేసే సంస్థలో ఆరు నెలలుగా కనీసం 30 శాతం సభ్యత్వం చూపించిన సంఘం గుర్తింపు అడగొచ్చు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కేంద్ర పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో, ఒకటికి మించి సంఘాలున్న చోట ఒక్క సంఘమే చర్చలు జరపాలంటే 51 శాతం కావాలి. కార్మిక వివాదాలు కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలో ఉన్నాయి కాబట్టి రెండు చట్టాలూ ఢీకొన్న చోట మామూలుగా కేంద్రానిదే పైచేయి. అంటే ఈ విషయంలో ముంబయిలో ఎవరు గెలిచారన్నదాని కంటే ఢిల్లీలో ఏం రాశారన్నదే ముఖ్యం.

అపోహ: తెలంగాణ ఆర్టీసీ వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులైపోయారు, మన ఎస్టీ (మహారాష్ట్ర ప్రభుత్వ బస్సు కార్పొరేషన్) వాళ్లకే అన్యాయం.

కాళేశ్వరం వంతెన దాటి వెళ్లొచ్చిన ప్రతి డ్రైవరూ అడిగే ప్రశ్న ఇదే. దీన్ని కాస్త నిదానంగా చూడాలి.

తెలంగాణలో 2019 అక్టోబర్ 5న మొదలైన సమ్మె 52 రోజులు నడిచింది. మొదటి డిమాండే కార్పొరేషన్‌ను ప్రభుత్వంలో విలీనం చేయడం. అప్పటికి అసెంబ్లీ ఎన్నికలు అయిపోయి ఏడాది కూడా కాలేదు. విలీనం ప్రసక్తే లేదని ముఖ్యమంత్రి కేసీఆర్ తేల్చేశారు. అదే ముఖ్యమంత్రి, అదే కార్పొరేషన్, అదే డిమాండు. 2023 ఆగస్టు 6న మాత్రం విలీనం బిల్లు అసెంబ్లీలో పాసైంది. పోలింగ్ నవంబర్ 30న. బిల్లు పెట్టకముందు గవర్నర్ వివరణలు అడిగితే కార్మికులు పొద్దున్నే బస్సులు ఆపి మరీ బిల్లు తెమ్మన్నారు. 43 వేల మందికి పైగా సంబంధించిన చట్టం అది. కార్పొరేషన్ అప్పులు ఆ నాలుగేళ్లలో ఏమీ తీరిపోలేదు. మారింది క్యాలెండరే.

ఆ తర్వాతి సంగతి మాత్రం ఫోన్లలో తిరగదు. గవర్నర్ ఆమోదం వచ్చింది, ప్రభుత్వం మారింది, విలీనాన్ని అమలు చేయండంటూ సంఘాలు 2025లో మళ్లీ సమ్మె నోటీసు ఇవ్వాల్సి వచ్చింది. చట్టం ఏ రోజు నుంచి అమలో చెప్పే తేదీ లేకపోతే చేతిలో చట్టం ఉండీ లేనట్టే. ఆంధ్రలో అలా జరగలేదు. 2019 ఎన్నికల్లో మాట ఇచ్చారు, అదే ఏడాది చట్టం చేశారు, 2020 జనవరి 1 నుంచి కార్మికులను ప్రభుత్వంలోకి తీసుకున్నారు.

మన దగ్గర 2021 చివర్లో మొదలై 2022 ఏప్రిల్ దాకా సాగిన ఎస్టీ సమ్మె రెండు ఎన్నికలకు సరిగ్గా నడిమధ్యలో పడింది. హైకోర్టు చెప్పడంతో వేసిన ముగ్గురు సభ్యుల కమిటీ విలీనం కుదరదంది. అదే 2024 సెప్టెంబర్‌లో, గణపతి పండుగ ముందు, రెండు రోజులు బస్సులు ఆగాయో లేదో మూల వేతనంపై 6,500 రూపాయల పెంపు ప్రకటించారు. నవంబర్‌లో ఓట్లు. నెలల తరబడి జీతాల్లేకుండా కూర్చున్న వాళ్లకు ఈ లెక్క చెప్పడం నాకు ఇష్టం ఉండదు, కానీ ఉన్నమాట ఇదే.

అపోహ: మెస్మా పెట్టారంటే ఉద్యోగం పోయినట్టే.

మెస్మా అనే రాష్ట్ర చట్టం అత్యవసర సేవల్లో సమ్మెను కొంతకాలం నిషేధిస్తుంది. కేసు, అరెస్టు, శాఖాపరమైన చర్య వంటివి ఉండొచ్చు. సంఘం రిజిస్ట్రేషన్‌కు దానితో సంబంధం లేదు. 2023 మార్చి 14న పాత పెన్షన్ కోసం రాష్ట్రమంతా ఉద్యోగులు సమ్మెకు దిగితే, అదే రోజు అసెంబ్లీలో మెస్మా బిల్లు పాసైంది. సమ్మె 20న ముగిసింది.

అయితే ధైర్యం చెప్పడానికి అబద్ధం చెప్పకూడదు. ప్రభుత్వ ఉద్యోగికి సమ్మె ప్రాథమిక హక్కు కాదని 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులోనే తేలింది. 2003లో తమిళనాడు ప్రభుత్వం దాదాపు 1.7 లక్షల మందిని ఒక్కసారిగా డిస్మిస్ చేసినప్పుడు, సమ్మెకు నైతిక హక్కు కూడా లేదని సుప్రీంకోర్టు అంది. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో అధికార పార్టీకి ఒక్క సీటూ రాకపోయేసరికి, ఉద్యోగులపై తీసుకున్న చర్యలను ముఖ్యమంత్రి వెనక్కి తీసుకున్నారు. కోర్టు తీర్పు మాత్రం ఈ రోజుకీ అలాగే ఉంది.

కార్పొరేషన్ కార్మికుల దారి వేరు. 1971 చట్టం ప్రకారం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. గుర్తింపు సంఘమైతే సభ్యుల్లో మెజారిటీ ఓటు కూడా ఉండాలి. నోటీసు కాపీ మీద ఆవక్ (కాగితం అందిందనే) ముద్ర, తేదీ స్పష్టంగా కనపడేదాకా ఆఫీసు గుమ్మం దిగొద్దు. సిరా చెదిరితే ఇంకోసారి కొట్టించుకోండి. ‘సాహెబ్ లంచ్‌కు వెళ్లారు, పెట్టి వెళ్లండి’ అన్నా కదలొద్దు.

అపోహ: పాత పెన్షన్ ఇస్తామన్న పార్టీ గెలిస్తే పెన్షన్ వచ్చినట్టే.

హిమాచల్‌లో వచ్చింది. ఆంధ్రలో వారం రోజుల్లో సీపీఎస్ (జీతంలో కోతతో నడిచే పెన్షన్) రద్దు అన్న మాట 2023లో గ్యారంటీ పెన్షన్ చట్టంగా మారింది, అది ఉద్యోగులు అడిగింది కాదు. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వాలు పాత పెన్షన్ ఇచ్చి కూడా 2023లో ఓడిపోయాయి. ఉద్యోగుల ఓట్లతోనే ప్రభుత్వాలు నిలబడతాయనుకునే నాయకులు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది. పైగా, పాత పద్ధతికి వెళ్లిన రాష్ట్రాలు ఎన్‌పీఎస్ అనే కొత్త పెన్షన్ పథకంలో జమైన డబ్బు తిరిగి ఇమ్మంటే, 2013 పీఎఫ్ఆర్‌డీఏ (పెన్షన్ నిధుల నియంత్రణ సంస్థ) చట్టంలో అలాంటి వీలు లేదని కేంద్రం చెప్పింది.

మన రాష్ట్రంలో 2005 నవంబర్ 1న, ఆ తర్వాత చేరిన వాళ్లది ఎన్‌పీఎస్. 2024 ఆగస్టు 24న కేంద్రం ఏకీకృత పెన్షన్ ప్రకటిస్తే, మర్నాడే మన కేబినెట్ దానికి ఓకే అంది, దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ముందు. తొందర ఎందుకో వేరే చెప్పక్కర్లేదు, అక్టోబర్ 15న ఎన్నికల కోడ్ వచ్చేసింది. రాష్ట్ర పెన్షన్లు రాష్ట్ర జాబితాలోని అంశం కాబట్టి ఇలాంటి మార్పుకు కేబినెట్ నిర్ణయం, దాని వెనక జీఆర్ ఉంటే చాలు. అలా వచ్చినదాన్ని ఇంకో జీఆర్‌తో మార్చడమూ అంతే తేలిక.

అందుకే ఎన్నికల కోడ్‌కు ముందు వారాల్లో ఫోన్లోకి వచ్చిపడే పీడీఎఫ్‌లను నా దగ్గరికి తెచ్చేముందు చివరి పేజీ చూడండి. అసలు జీఆర్‌లో ప్రభుత్వ వెబ్‌సైట్ పేరు, ఆ జీఆర్ సంకేతాంక్ (గుర్తింపు నంబరు), అధికారి డిజిటల్ సంతకం ఉంటాయి. ఆ సంకేతాంక్ నంబరు సైట్‌లో కొడితే జీఆర్ తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే దాన్ని గ్రూపులో ఫార్వర్డ్ చేయకండి. తెరుచుకుంటే, ఏ తేదీ నుంచి అమలో రాసిన పేరా ఎక్కడుందో వెతకండి.