షుగర్ కాలి పుండ్లు: డ్రెస్సింగ్ గదిలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

షుగర్ వల్ల కాళ్లు దెబ్బతిన్నవాళ్లకు వైద్యం చెయ్యడమే నా పని. గుంటూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వస్తారు: మిర్చి కోతలకు వెళ్లేవాళ్లు, యార్డులో బస్తాలు మోసేవాళ్లు, కిరాణా కొట్టు నడిపేవాళ్లు, రిటైరైన టీచర్లు. పుండు ఏ వేలికి వచ్చినా, ఎన్ని నెలలదైనా, దాంతో పాటు వచ్చే నమ్మకాలు మాత్రం దాదాపు ఒకటే. వాటివల్ల మంచి కాళ్లు పోవడం చూస్తున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: "నొప్పి లేదు కదా, పెద్ద పుండేం కాదులే."

పుండున్నా నొప్పి లేదంటే అక్కడ నరాలు పనిచెయ్యడం లేదని అర్థం. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే పాదాల్లో నరాలు దెబ్బతింటాయి. కొందరికి మంటలు, తిమ్మిర్లు, చీమలు పాకినట్టు ఉండటం ముందుగా కనిపిస్తాయి. చాలామందికి అవీ ఉండవు, స్పర్శ చడీచప్పుడు లేకుండా పోతుంది. రోడ్డు మీద చెప్పు జారిపోయినా తెలియలేదని, ఇంటికొచ్చి చూసుకుంటే ఒక కాలికి చెప్పు లేదని చెబుతారు. ఆ మాట వింటే సగం పరీక్ష అయిపోయినట్టే.

మిగతా సగం కూడా నిమిషాల పని. మోనోఫిలమెంట్ అని సన్నటి నైలాన్ పోగు ఉంటుంది. 10 గ్రాముల ఒత్తిడికి వంగిపోయేలా చేస్తారు దాన్ని. పేషెంట్‌ని కళ్లు మూసుకోమని, అరికాల్లో అక్కడక్కడా ఆనించి, తగిలినప్పుడల్లా చెప్పమంటాం. బొటనవేలి కింద, చిటికెనవేలి మొదట్లో, అన్నిచోట్లా పోగు వంగి లేచాక కూడా "ఇంకా మొదలుపెట్టలేదా డాక్టర్ గారూ?" అని అడిగేవాళ్లున్నారు. అప్పుడు పక్కనున్న భార్య ముఖం చూడలేం. అలాంటి పాదంలో మేకు దిగినా తెలియదు, రాత్రి ఎలుక కొరికినా తెలియదు. నేల మీద పడుకునే ఇళ్లలో ఎలుక కొరకడం నిజంగానే జరుగుతుంది. తెల్లారి దుప్పటికి రక్తం చూసుకుని పరుగెత్తుకొస్తారు.

షుగర్ ఉన్న ప్రతి ఒక్కరూ ఏడాదికి ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకోవాలి. కంటి పరీక్ష గుర్తుపెట్టుకున్నట్టే దీన్నీ గుర్తుపెట్టుకోండి.

అపోహ: "షుగర్ ఒంట్లో ఉన్నాక పుండు ఇక మానదు."

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇది. ఇలా అనుకున్నవాళ్లు వైద్యం మధ్యలోనే ఆపేస్తారు.

షుగర్ అదుపు తప్పితే మానడం ఆలస్యమవుతుంది, నిజమే. రక్తం సరిగ్గా అందకపోయినా, లోపల ఎముకకు ఇన్ఫెక్షన్ పట్టినా మానదు. కానీ రక్తప్రసరణ బాగానే ఉండి, చీము లేకుండా, అరికాలి పుండు ఆరు నెలలు అలాగే ఉందంటే, దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే: దాని మీద నడుస్తున్నారు. నొప్పి ఉన్న మనిషి కుంటుతాడు, ఆ కాలు కింద పెట్టడు. స్పర్శ లేని మనిషి మామూలుగా నడిచేస్తాడు. పొద్దున మేం కట్టిన డ్రెస్సింగ్ మీద సాయంత్రానికి వేల అడుగులు పడతాయి. ఎంత ఖరీదైన ఆయింట్‌మెంట్ అయినా ఆ బరువు కింద ఏం చేస్తుంది?

ఈ సంగతి లోకానికి అర్థం కావడంలో మన పక్కనున్న వెల్లూరుకు పెద్ద పాత్ర ఉంది. 1946లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్ఠు రోగుల పుండ్లను దగ్గరగా గమనించాడు. నొప్పి తెలియక ఒకేచోట మళ్లీ మళ్లీ ఒత్తిడి పడటం వల్లే అవి వస్తున్నాయని, ఆ ఒత్తిడి తీసేస్తే మానుతున్నాయని చూపించాడు. కుష్ఠు రోగుల దగ్గర నేర్చుకున్న ఆ పాఠమే ఇవాళ షుగర్ కాళ్లను కాపాడుతోంది.

అందుకే అరికాలి పుండుకు మేం చేసే ముఖ్యమైన వైద్యం కాంటాక్ట్ కాస్ట్. పాదం నుంచి మోకాలి కింది వరకు అంటుకుని ఉండే కట్టు అది. ఒకచోట పడే బరువును పాదమంతటికీ, పిక్కకూ పంచుతుంది. 2001లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఈ కట్టు వేసినవాళ్లలో పదిమందికి దాదాపు తొమ్మిదిమందికి 12 వారాల్లో పుండు మానింది. విప్పుకోగలిగే బూటు ఇచ్చినవాళ్లలో 65 శాతం మందికే మానింది. తేడా ఎక్కడుందంటే, విప్పుకోగలిగేదాన్ని జనం విప్పేస్తారు. అదే బృందం మరోసారి లెక్క తీస్తే, పేషెంట్లు వేసిన మొత్తం అడుగుల్లో 28 శాతం మాత్రమే ఆ బూటుతో వేసినవి. ఇంట్లోనే కదా, బాత్రూమ్ దాకానే కదా అనుకుంటారు. ఇంట్లో వేసే అడుగులూ తక్కువేమీ కావు.

రక్తప్రసరణ బాగా తగ్గినవాళ్లకు, ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉన్నవాళ్లకు ఈ కట్టు వెయ్యం. ముందు వాటి సంగతి చూడాలి.

అపోహ: "పప్పు, గుడ్డు, వంకాయ తింటే చీము పడుతుంది."

మన ఇళ్లలో పథ్యం పేరుతో జరిగే నష్టం ఇంతా అంతా కాదు. పుండు వచ్చిన రోజు నుంచి పెద్దావిడకు చారన్నం, ఇడ్లీ, బ్రెడ్డు. పప్పు బంద్, గుడ్డు బంద్, చేప బంద్. రెండు నెలలకు మా దగ్గరకు వచ్చేసరికి మనిషి చిక్కిపోయి, పుండు పాలిపోయి ఉంటుంది. కొత్త చర్మం, కొత్త కండ రావాలంటే ప్రొటీన్ కావాలి. అది ఆపేసి తెల్లన్నం, ఇడ్లీ పెడితే ఒకవైపు షుగర్ పెరుగుతుంది, ఇంకోవైపు పుండు ఆగిపోతుంది. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. పప్పు, గుడ్డు, చేప, పెరుగు, సెనగలు పెట్టండి. వంకాయ కూరా పెట్టండి, దానికి ఏ పాపం తెలియదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ప్రొటీన్ ఎంత తినాలో డాక్టర్‌ని అడిగి తినాలి.

అపోహ: "వేడినీళ్లలో ఉప్పేసి కాళ్లు పెడితే తిమ్మిర్లు పోతాయి."

పోవు, బొబ్బలు వస్తాయి. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో స్పర్శ లేని కాలు చెప్పలేదు. హాట్ వాటర్ బ్యాగ్‌తోనూ ఇదే ప్రమాదం. మెడికల్ షాపులో దొరికే ఆనెకాయ ప్లాస్టర్లు కూడా వద్దు. వాటిలో ఉండే యాసిడ్ ఆనెతో పాటు మంచి చర్మాన్నీ తినేస్తుంది. ఆనె మధ్యలో నల్లచుక్క కనిపిస్తే అది లోపల గూడుకట్టిన రక్తం. బ్లేడుతో ఇంట్లో కోసుకోవద్దు. మేం పైపొర చెక్కి చూస్తే చాలాసార్లు కింద పుండు తయారై ఉంటుంది.

గడ్డిచామంతి పసరు, పసుపు, సున్నం గురించి కూడా అడుగుతారు. నోరు తెరిచిన షుగర్ పుండులో ఏదీ పెట్టకండి.

అపోహ: "దేవుడి పని మీద వట్టికాళ్లతో నడిస్తే ఏమీ కాదు."

భక్తిని నేను తక్కువ చెయ్యను. కానీ కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చెప్పుల్లేకుండా తిరిగి, పుండుతో వచ్చేవాళ్లు మాకు ఏటా ఉంటారు. స్పర్శ పోయిందని పరీక్షలో తేలితే, మాలకు ముందే గురుస్వామికి ఉన్న విషయం చెప్పి చెప్పులకు అనుమతి అడగండి. తిరుమలకు బస్సులో వెళ్లండి, అలిపిరి మెట్లు వద్దు. ఎండాకాలం గుడి ప్రాంగణంలో బండలు కాలిపోతుంటాయి, దర్శనం తెల్లవారుజామున పెట్టుకోండి, మందపాటి సాక్సులు వేసుకోండి.

అపోహ: "కాలు వాచింది, బెణికి ఉంటుంది."

చాలామందికి, కొందరు డాక్టర్లకు కూడా తట్టని విషయం ఇది. స్పర్శ పోయిన పాదం ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, రెండో పాదం కన్నా వేడిగా ఉందంటే అది షార్కో ఫుట్ కావచ్చు. ఫ్రెంచి వైద్యుడు షార్కో పేరు మీద వచ్చింది. లోపల ఎముకలు, కీళ్లు మెత్తబడి విరిగిపోతుంటాయి. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి మనిషి దాని మీదే నడుస్తాడు. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. బెణుకని నాటు కట్టు కట్టించుకుని, మాలిష్ చేయించుకుని తిరిగితే అరికాలి వంపు కూలిపోయి పాదం పడవ అడుగులా గుండ్రంగా తయారవుతుంది. ఆ ఉబ్బు మీద పుండ్లు పడుతూనే ఉంటాయి. అనుమానం వచ్చిన రోజే కాలు కింద పెట్టడం ఆపి, కాస్ట్ వేయించుకోవాలి. వేడి తగ్గి రెండు పాదాలూ సమానమయ్యేదాకా, అంటే కొన్ని నెలలు, అది ఉండాలి. ఓపిక పట్టినవాళ్ల పాదం ఆకారం నిలుస్తుంది.

అపోహ: "వేలు తీయించుకుంటే మెల్లగా కాలంతా తీసేస్తారు."

ఈ భయం ఊరికే పుట్టలేదు. ఎవరో బంధువుకు వేలు తీశారు, అది మానలేదు, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి కింద. అలా జరిగిన ఇళ్లున్నాయి. చాలాసార్లు కారణం, వేలు తీసే ముందు కాలికి రక్తం అందుతోందో లేదో చూడకపోవడం. రక్తం రాని చోట కోస్తే ఆ గాయం మానదు. కాబట్టి ఆపరేషన్ వద్దని పారిపోకండి. డాప్లర్ (కాలికి రక్తం ఎలా పారుతోందో చూసే పరీక్ష) చేశారా, రక్తనాళాల్లో అడ్డు ఉందా, ఉంటే ముందు యాంజియోప్లాస్టీ (బెలూన్‌తో ఆ అడ్డు తెరవడం) చెయ్యొచ్చా అని అడగండి. ఆ ప్రశ్న అడిగే హక్కు మీకుంది. రక్తం అందుతున్నప్పుడు, కుళ్లిన వేలిని సమయానికి తీయడం వల్లే చాలాసార్లు కాలు మిగులుతుంది. తడిగా, వాసనతో, జ్వరంతో ఉన్న గ్యాంగ్రీన్ (కండ చచ్చి కుళ్లిపోవడం) మాత్రం గంటల వ్యవహారం. పెళ్లి అయ్యాకో పంట ఇంటికొచ్చాకో చూద్దామనుకునేది కాదు.

అపోహ: "పుండు మానింది, ఇక మామూలు చెప్పులు వేసుకోవచ్చు."

మానిన ప్రతి పదిమందిలో నలుగురికి ఏడాదిలోపే మళ్లీ పుండు వస్తుంది. నరాలు అలాగే ఉన్నాయి, పాదం ఆకారం అలాగే ఉంది. మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) అట్ట వేసి, వెనక పట్టీ ఉన్న చెప్పులు ఇంటికి ఒక జత, బయటకు ఒక జత పెట్టుకోండి. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడండి. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు అద్దంలో చూసుకోండి, చూపు ఆనకపోతే మనవణ్ణో మనవరాలినో చూడమనండి.

అపోహ: "ఒక కాలు తీసేశారు, ఇక మంచమే గతి."

గాయం మానాక కృత్రిమ కాలు పెట్టుకుని పొలానికి వెళ్లేవాళ్లు, కొట్టు తెరిచేవాళ్లు ఉన్నారు. జైపూర్ ఫుట్ శిబిరాల్లో కాళ్లు ఉచితంగా ఇస్తారు. అయితే ఇంటివాళ్ల దృష్టంతా కొత్త కాలి మీదే ఉంటుంది, రెండో పాదాన్ని ఎవరూ పట్టించుకోరు. మనిషి బరువంతా ఇప్పుడు దాని మీదే, అందులోనూ స్పర్శ లేదు. కృత్రిమ కాలి కొలతలకు వెళ్లే రోజునే ఆ పాదానికి డాప్లర్, మోనోఫిలమెంట్ పరీక్షలు చేయించి, ఎంసీఆర్ చెప్పుకు కూడా కొలత ఇచ్చి రండి.